రాయి పెట్టిన కుండీ

“మళ్ళీ నాలుగు వచ్చాయి,” అన్నాడు డెస్మండ్ వీధి తలుపు తీసి.

అతని భార్య గ్లెనిస్ టీ కప్పు బల్లమీద పెట్టి లేచింది. గుమ్మం పక్కన గోడ వారగా, పెరుగు డబ్బాల్లో నాలుగు టమాటా మొక్కలు. ఆదివారంనాడు మొక్కల మార్పిడి సంతలో తన చేత్తో తానే ఊళ్ళోవాళ్ళకి పంచిన మొక్కలు. డబ్బాలమీద తను రాసిన రకాల పేర్లు కూడా చెరగలేదు. ఒకదానికి మాత్రం ఎవరో గుడ్డ పీలిక చుట్టారు, చేతికి మట్టి అంటకుండా పట్టుకొచ్చినట్టు.

“ఎవరు పెట్టారు? చూశావా?”

“చూస్తే చెప్పనా? తలుపు కొట్టరు, పిలవరు. పిల్లి ఎలకని తెచ్చి పడేసినట్టు పడేసి పోతున్నారు.”

“తెగులేమైనా పట్టిందేమో.” ఆకులు తిప్పి చూసింది. అడుగునా లేదు, పైనా లేదు. మొక్కలు నవనవలాడుతున్నాయి.

సోమవారం నించీ ఇదే వరస. మొదట రెండు వచ్చాయి. మంగళవారానికి గోడవార బారు కట్టాయి. ఇవాళ గురువారం. పంచినవాటిలో ఇక రావలసినవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక్కరైనా నోరు విప్పి ఇందుకూ అని చెప్పరే!

పొద్దున్న రొట్టెల బండి అమ్మాయి సంగతి మరీ దారుణం. రోజూ పది నిమిషాలు వాళ్ళ అత్తగారిని ఆడిపోసుకుంటే గాని బండి కదిలించని పిల్ల, ఇవాళ రొట్టె చేతిలో పెట్టి చిల్లర పుచ్చుకుని మొహం తిప్పేసుకుంది. బోఁజూర్ అని పలకరించనైనా లేదు. ఫ్రాన్సులో ఈ వాల్నేర్ ఊళ్ళో మనిషిని తిట్టాలన్నా ముందు బోఁజూర్ చెప్పి తిడతారు. అది కూడా లేదంటే తను చేసింది ఎంత ఘోరమో గ్లెనిస్‌కి అంతు పట్టలేదు. చేసిందేమిటో తెలిస్తే కదా!

“సాయంత్రం ఆరింటికి సభ,” అన్నాడు డెస్మండ్. “గుర్తుందిగా?”

“గుర్తులేకేం.”

“మన ఒప్పందం కూడా గుర్తుందిగా?”

ఆ ఒప్పందం మీదే కదా ఆర్నెల్లుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. చర్చి వెనక పాత పాదిరీ గారి తోటని గ్రామ సభ ఏడాదికోసారి ఎవరికో ఒకరికి నామమాత్రపు అద్దెకిస్తుంది. ఈ ఏడు కూడా గ్లెనిస్‌కే ఇస్తే, ఇక్కడే ఉంటారు. ఇవ్వకపోతే డెస్మండ్ మర్నాడే నోటరీకి ఫోను చేసి ఇల్లు అమ్మకానికి పెడతాడు. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ దగ్గర తన తమ్ముడి ఇంటి పక్కన రెండు గదులు చూసి ఉంచాడు కూడా. వీళ్ళుంటున్న ఇంటి చుట్టూ గడ్డి కూడా మొలవని రాతి నేల. ఆ తోట లేకపోతే ఆ చిన్న పింఛనుతో ఇక్కడ బతకలేమని అతని వాదన. అందులో అబద్ధమూ లేదు.

“అందరిలాగా షాపుకెళ్ళి కొనుక్కుని ఉంటే ఈ గొడవుండేదా?” అన్నాడు డెస్మండ్.

“గొడవేమిటో తెలియకుండానే షాపు మీదికి పోతావేం?”

“ఏదో ఒకటై ఉంటుంది. నువ్వు పోగుచేసే చెత్తలో ఏదో ఉండే ఉంటుంది.”

“చెత్తా?” గ్లెనిస్‌కి కోపం నషాళానికంటింది. “మొదటి ఏడు షాపులోనే కొన్నాంగా! ఆ హైవే పక్క పెద్ద షాపులో మట్టి సంచులూ, కుండీలూ, మంచుకి కప్పే గుడ్డా, ఎరువు డబ్బా. ఆ ఏడు మనం తిన్న టమాటాలు ఒక్కోటి బంగారం తూకం! అప్పుడు నువ్వే కదూ బిల్లు పట్టుకుని మంచమెక్కావు?”

డెస్మండ్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలెట్టాడు. ఓడిపోయినప్పుడల్లా అతనికి కిటికీ కావాలి.

ఆమె మాత్రం ఊరికే అనలేదు. ఆరేళ్ళలో పైసా పెట్టకుండా తోట చెయ్యడం నేర్చుకున్న మనిషి ఆమె. రైతుల సహకార దుకాణానికి వెళితే, సభ్యత్వం ఉందా, పొలం ఎంత అని అడిగి వెనక్కి పంపారు. ఊరి చెత్త డిపోలో నెలకో శనివారం కుళ్ళిన ఆకు ఎరువు ఊరికే ఇస్తారని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. తెలిశాక, ఇంటి కరెంటు బిల్లు చూపిస్తేగాని ఇవ్వరని తెలియడానికి ఇంకో శనివారం. గొర్రెలవాళ్ళు పారేసే ముతక ఉన్ని తెచ్చి మొక్కల మొదట్లో పరిచింది. పాత కిటికీ అద్దాలతో నారుపెట్టె కట్టింది. పందిరికి వాగు పక్క హేజెల్ చెట్ల కర్రలు నరుక్కొచ్చింది. కొన్నదేమైనా ఉంటే విత్తనాలొక్కటే. వాటిని కూడా రెండో ఏడు నించీ తనే ఎండబెట్టుకుంటోంది. ఇంత చేసి ముళ్ళపొదగా ఉన్న తోటని ఒక దారికి తెచ్చాక, ఈ మొక్కలిలా తిరిగి రావడమేమిటి?

తలుపు చప్పుడైంది. ఈసారి ఎవరో నిజంగానే కొట్టారు.

వచ్చింది గ్రామ కార్యాలయం గుమాస్తా సోలాంజ్. ఒక చేతిలో సాయంత్రం సభకి పిలుపు కాగితం, ఇంకో చేతిలో టమాటా మొక్క.

“బోఁజూర్, మదామ్ గ్లెనిస్.”

ఆ ఒక్క మాటకే గ్లెనిస్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. “రండి, కూచోండి. కాఫీ పెడతాను.”

“వద్దు లెండి. పని మీద వచ్చాను.” సోలాంజ్ మొక్కని బల్లమీద పెట్టబోయి, ఆగి, కిందనే పెట్టింది. “ఏమీ అనుకోకండి. నాకు పట్టింపు లేదు, మా ఆయనే ఇంట్లో ఉంచద్దన్నాడు.”

“ఎందుకు? నాకెవరైనా చెప్పండి తల్లీ! బుర్ర బద్దలైపోతోంది.”

సోలాంజ్ ఆమె వంక అనుమానంగా చూసింది. ఈ మనిషి నటిస్తోందా, నిజంగానే తెలియదా అన్నట్టు. “సంతలో మీ బల్లమీద నీలం కుండీ ఉంది. తులసిలాంటి ఆ వాసనాకు మొక్క పెట్టారు అందులో.”

“థైమ్ మొక్క. అవును.”

“ఆ కుండీ ఎక్కడిది?”

“సమాధుల దొడ్డి గోడ దగ్గరిది. పూలు వాడిపోయాక అందరూ కుండీలు అక్కడే పారేస్తారుగా? నేనూ తెచ్చుకున్నాను. అందరూ తెచ్చుకుంటారు. మంగలి ఝాక్ తేవడం నా కళ్ళతో చూశాను.”

“గుట్టలోంచి తెస్తే ఎవరూ ఏమీ అనరు. ఇది గుట్టలోదా, కుళాయి కిందదా?”

గ్లెనిస్ ఆలోచించింది. “కుళాయి కిందది. ఈస్టరు మర్నాడు. ఏం, తేడా ఏమిటి?”

“దానిమీద రాయి లేదూ?”

“ఉంది. చిన్న పలకరాయి. గాలికి పడిపోకుండా పెట్టారనుకున్నాను.”

“గాలికా!” సోలాంజ్ నుదుటిమీద చెయ్యి వేసుకుంది. “మదామ్, రాయి పెడితే అది ఒకరిదని. మళ్ళీ వస్తాను, ముట్టుకోవద్దని. మా ముత్తవ్వల కాలం నించీ అంతే.”

“నాకెవరూ చెప్పలేదే!”

“చెప్పేదేముంది? అందరికీ తెలుసు.”

“అందరికీ అంటే నాకు తప్ప!” గ్లెనిస్ గొంతు పెరిగింది. “మా ఊళ్ళో ఎవరైనా వస్తువు గేటు బయట పెడితే, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మనే అర్థం. రాయి పెట్టినా అంతే, చెట్టు పెట్టినా అంతే. ఆ రాయి కూడా వృథా చెయ్యకుండా ముక్కలు చేసి కుండీ అడుగున నీళ్ళు జారడానికి వేశానమ్మా!”

“అయ్యో, ఆ మాట సభలో మాత్రం అనకండి,” అంది సోలాంజ్ కంగారుగా. “పోయినవాళ్ళ దగ్గరి మట్టి తెచ్చి, అందులో మొక్కలు పెంచి, మా వంటిళ్ళలోకి పంపిందని ఊరంతా అనుకుంటోంది. అసలు సంగతి అది కూడా కాదు. ఆ కుండీ మదామ్ ఓడెట్‌ది.”

గ్లెనిస్ కుర్చీ లాక్కుని కూచుంది.

మదామ్ ఓడెట్! ఈ ఊళ్ళో తనని మొదట పలకరించిన మనిషి. మే నెల మధ్యలో మొక్కల్ని మాడ్చేసే ఆ మూడు మంచు రోజులూ వెళ్ళేదాకా టమాటా బయట నాటకూడదని చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషి. పైగా మేయరు మిరేయ్‌కి కన్నతల్లి. ఆదివారం సంతలో ఓడెట్ తన బల్ల ముందుకొచ్చి, ఆ నీలం కుండీ వైపు ఒక్క క్షణం చూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం ఇప్పుడు గుర్తొచ్చింది. పాపం, పెద్దావిడకి ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంది తను.

“సాయంత్రం మేయరుగారు ఈ విషయం అడుగుతారు,” అని సోలాంజ్ కాగితం బల్లమీద పెట్టింది. “జవాబు సిద్ధం చేసుకుని రండి. నేను చెప్పానని మాత్రం అనకండి.”

సోలాంజ్ వెళ్ళిపోయింది. డెస్మండ్‌కి ఆ భాష సగమే అర్థమవుతుంది. ఆ సగంలోనూ అతనికి కావలసిందే అర్థమవుతుంది.

“రాయి తీసినందుకా ఇంత రాద్ధాంతం?” అన్నాడు.

“నవ్వకు.”

“నవ్వడం లేదు. కుండీ పట్టుకెళ్ళి ఇచ్చెయ్. తప్పయిందను. పాత కుండీ కోసం ఎవరైనా మనుషుల్ని ఊళ్ళోంచి తరిమేస్తారా?”

“తరిమితే నీకు సంతోషమేగా.”

ఆ మాట అనకుండా ఉండవలసింది. డెస్మండ్ కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గ్లెనిస్ థైమ్ మొక్కని పీకి ఇంకో డబ్బాలో పెట్టి, నీలం కుండీని మూడుసార్లు కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

ఓడెట్ వంటింట్లో కూచుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఎనభై రెండేళ్ళ చేతుల్లోంచి చెక్కు పొడుగ్గా, తెగకుండా జారుతోంది.

“కూచోండి, మదామ్,” అంది.

రెండేళ్ళుగా నువ్వు అని పిలుస్తున్న మనిషి ఇవాళ మీరు అంటోంది. చెంపదెబ్బ కొట్టినా గ్లెనిస్ అంత బాధపడేది కాదు. కుండీ తీసి బల్లమీద పెట్టింది.

“తెలియక చేశాను, ఓడెట్. రాయి సంగతి నాకు తెలియదు. ఒట్టు.”

ఓడెట్ కుండీ అందుకుంది. అంచులు చూడలేదు, రంగు చూడలేదు. లోపలికి చూసింది.

“మట్టి ఏది?”

“మట్టా?”

“ఇందులో మట్టి ఉండాలి. జెరేనియం పూల మొక్క ఉండాలి.”

“మొక్క ఎండిపోయి కట్టెలా ఉంటే పారేశాను. మట్టి బాగుందని జల్లించి, ఆకు ఎరువు కలిపి, టమాటా నారుకి వాడాను. కావాలంటే మంచి మట్టి సంచీ కొనుక్కొచ్చి…”

“అంతా వాడారా?”

“అంతా. డబ్బాకో గుప్పెడు చొప్పున సరిపోయింది.”

ఓడెట్ కత్తి కింద పెట్టింది. దుంప దొర్లుకుంటూ వెళ్ళి నేలమీద పడింది. ఆమె తీయలేదు, గ్లెనిస్ తీయబోతే వద్దని చెయ్యి ఊపింది. లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది.

“గాస్టన్ అందులో ఉన్నాడు,” అంది.

గ్లెనిస్‌కి అర్థం కాలేదు. గాస్టన్ ఓడెట్ భర్త. పోయి రెండేళ్ళయింది. దహనం చేశారు. సమాధుల దొడ్డిలో బూడిద కలశాలు పెట్టే గోడలో అతని పేరున్న అర తను ఎన్నోసార్లు చూసింది. “ఆయన గోడలో కదా ఉన్నాడు?”

“చాలావరకు గోడలోనే. రెండు గరిటెలు మాత్రం ఇందులో.” ఓడెట్ కుండీని ఒళ్ళోకి తీసుకుంది. “పోయేముందు ఒకటే మాట. నన్ను గోడలో పెట్టకు ఓడెట్, అక్కడ నేనేం చెయ్యను, మట్టిలో పెట్టు, అని. మిరేయ్ ఒప్పుకుంటేనా! చట్టమట. బూడిద ఇంట్లో ఉంచుకోకూడదట, పంచుకోకూడదట. మేయరై ఉండి తండ్రి విషయంలో తనే తప్పు చేస్తే ఊళ్ళో తలెత్తుకోలేనంది. దాని మాట దానిది. అందుకని గోడ మూసే ముందు రోజు, ఆ కలశం ఈ బల్లమీద ఉండగా, సూపు గరిటెతో తీశాను. నా చేతులతోనే మట్టిలో కలిపాను. ఆయనకి జెరేనియం ఇష్టం.”

గ్లెనిస్ కుండీ వైపు చూసింది. “మరి సమాధుల దొడ్డికి ఎందుకు…”

“ఈస్టరుకి మిరేయ్ వచ్చి వంటింటికి రంగు వేయిస్తానంది. కనబడ్డదల్లా బయట పారేసే రకం అది. ఆ ఎండు మొక్క మీద దానికెప్పటి నించో కన్ను. రెండు రోజులు ఎక్కడ దాచనా అని ఆలోచించి, కుళాయి కింద పెట్టి రాయి పెట్టాను. రాయి పెడితే ఈ ఊళ్ళో దొంగ కూడా ముట్టుకోడు.”

“కుండీ పోయిందని తెలిశాక నన్నెందుకు అడగలేదు? సంతలో చూశావుగా!”

“ఏమని అడగను? అంతమంది ముందు, నా మొగుడు మీ దగ్గరున్నాడా అని అడగనా?”

గ్లెనిస్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది.

ఓడెట్ ఆమె మోచెయ్యి తట్టింది. “ఎవరెవరికి ఇచ్చావు?”

“రొట్టెల బండి అమ్మాయికి. సోలాంజ్‌కి. బడి పంతులమ్మకి. మంగలి ఝాక్‌కి…”

“ఝాక్‌కా?” ఓడెట్ కళ్ళు పెద్దవయ్యాయి. “ఝాక్ ఇంట్లో ఉన్నాడా ఆయన? పన్నెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు! సరిహద్దు గోడ దగ్గర గొడవపడి, వాడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు!” ఉన్నట్టుండి ఆమె నవ్వడం మొదలెట్టింది. వొళ్ళంతా కదిలేలా నవ్వి, నవ్వి, నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. గ్లెనిస్ లేచి ఆమె భుజం పట్టుకుంది.

“మిరేయ్‌కి కూడా ఒకటిచ్చాను,” అంది మెల్లగా.

“కూతురింటికి కూడా వెళ్ళొచ్చాడన్నమాట.” ఓడెట్ జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడెక్కడున్నాయి?”

“అందరూ తిప్పి పంపేశారు. మా గుమ్మం ముందున్నాయి. ఒకటో రెండో తప్ప అన్నీ వచ్చేశాయి.”

ఓడెట్ కుండీ అంచు మీద వేలితో రాస్తూ కూచుంది.

“అయితే ఒక పని చెయ్యి,” అంది చివరికి. “మంచు రోజులు వెళ్ళాక వాటన్నిటినీ పాదిరీ గారి తోటలో నాటు. ఆయన చిన్నప్పుడు ఆ తోటలోనే దుంపలు తవ్వేవాడు. మట్టిలో పెట్టమన్నాడు, మట్టిలోనే ఉంటాడు. కుండీ దొరికిందని, నిన్ను క్షమించానని మిరేయ్‌కి నేను చెప్తాను. కాని ఈ మాట ఎవరికీ తెలియకూడదు. మిరేయ్‌కి అసలు తెలియకూడదు. మీ ఆయనకి కూడా చెప్పకు. మాటివ్వు.”

గ్లెనిస్ ఆమె చేతిలో చెయ్యి వేసింది. మళ్ళీ నువ్వు అన్నందుకే ఆ క్షణాన ఏం అడిగినా ఇచ్చేసేది.

ఆరు కొట్టేసరికి గ్రామ కార్యాలయం హాలు నిండింది. బయట ఇంకా ఎండ ఉంది. మామూలు రోజుల్లో నలుగురు కూడా రాని సభకి ఊళ్ళో సగంమంది వచ్చి కూచున్నారు. గ్లెనిస్, డెస్మండ్ ముందు వరసలో కూచున్నారు. ఓడెట్ వెనకాల, తలుపు పక్క కుర్చీలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఇద్దరి కళ్ళూ ఒకసారి కలిశాయి. ఓడెట్ తల కొంచెం ఊపింది. గ్లెనిస్‌కి ప్రాణం కుదుటపడింది.

మేయరు మిరేయ్ కళ్ళజోడు సవరించుకుని లేచింది. తల్లి పోలికే, కాని ఆ మొహంలో నవ్వు మాత్రం తక్కువ.

“పాదిరీ గారి తోట సంగతి,” అంది. “నీలం కుండీ విషయం మీ అందరికీ తెలుసు. కుండీ తిరిగి వచ్చింది. మా అమ్మ క్షమించానంది. మదామ్ గ్లెనిస్ తెలియక చేసిందని నేనూ నమ్ముతున్నాను. ముళ్ళపొదగా ఉన్న తోటని ఆవిడ బాగుచేసింది, అది కాదనలేం. ఈ ఏడు కూడా ఆవిడకే ఇవ్వచ్చని నా ఉద్దేశం.”

హాల్లో ఎవరూ కాదనలేదు. మంగలి ఝాక్ కూడా గడ్డం గోక్కుని ఊరుకున్నాడు. గ్లెనిస్ డెస్మండ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అయితే ఒక షరతు,” అంది మిరేయ్. “జనానికి మనసులో ఒక పట్టింపు ఉండిపోయింది. ఆ మట్టీ, ఆ మొక్కలూ ఊళ్ళో ఉండకూడదని అందరి మాటా. నా దగ్గరున్న మొక్క కూడా సాయంత్రం పంపించేశాను. మన గ్రామ సభ పనివాడు లూసియెన్ ట్రాక్టరు తీసుకుని ఇప్పటికే ఈ పక్క సందులో మీ గుమ్మం దగ్గరున్నాడు, మదామ్. మీరీ కాగితం మీద సంతకం పెట్టగానే ఫోను చేస్తాను. మొక్కలు, డబ్బాలు, మట్టి, అన్నీ ఎక్కించుకుపోయి చెత్త డిపోలో కలిపేస్తాడు. అంతటితో ఈ గొడవ ముగిసిపోతుంది. తోట మీది.”

సోలాంజ్ కాగితమూ కలమూ తెచ్చి గ్లెనిస్ ముందు పెట్టింది.

గ్లెనిస్‌కి ఎదురుగా అక్షరాలు కనిపిస్తున్నాయి, చదవలేకపోతోంది. తోట కావాలంటే గాస్టన్‌ని చెత్తలో కలపాలి. గాస్టన్‌ని కాపాడాలంటే తోట పోతుంది, తోటతో ఇల్లు పోతుంది, ఈ ఊరు పోతుంది. కారణం చెబుదామంటే చెయ్యి వేసి మాటిచ్చింది.

“నేనే పట్టుకెళ్ళి పారేస్తాను,” అంది. “లూసియెన్‌కి ఎందుకు శ్రమ?”

“శ్రమేం లేదు. అందరి కళ్ళముందూ జరగాలి, మదామ్. రేపు ఎవరూ ఇంకో మాట అనకుండా.”

“మట్టి మాత్రం ఉంచుకుంటాను. ఎండలో పోస్తాను.”

“మట్టే కదండీ అసలు సమస్య!” అన్నాడెవరో వెనక నించి. నలుగురు నవ్వారు.

“ఏమంటోంది?” అని డెస్మండ్ మోచేత్తో పొడిచాడు. గ్లెనిస్ ముక్కలు ముక్కలుగా చెప్పింది, చెప్పగలిగినంత.

“అంతేనా?” అన్నాడు అతను. “ఆ టమాటా మొక్కలు పారేస్తే తోట నీదేనా? పెట్టు మరి సంతకం! నారు మళ్ళీ పోసుకోవచ్చు.”

“పెట్టను.”

“ఏమిటీ?”

“పెట్టను, డెస్మండ్. పెట్టలేను. నన్నడగకు.”

మిరేయ్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. డెస్మండ్ భార్య మొహంలోకి చూశాడు. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఎన్నోసార్లు ఆమె అర్థం కాలేదు గాని, ఇంతగా అర్థం కాకపోవడం ఎప్పుడూ లేదు. పొద్దున్న ఆమె అన్న మాట, నీకు సంతోషమేగా అన్న మాట, అతనికింకా గుచ్చుకుంటూనే ఉంది. తన కోసమే, తనని ఇంగ్లండు వెళ్ళనివ్వడం కోసమే ఈ మనిషి చేతికందిన తోటని వదులుకుంటోందనుకున్నాడు. అంతకు మించి అతనికి తోచలేదు పాపం.

“నా సంతకం చెల్లుతుందా?” అని వచ్చీరాని భాషలో మేయరుని అడిగాడు.

“పోయిన ఏటి కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చెల్లుతుంది.”

“డెస్మండ్, వద్దు!”

“ఊరుకో. నీకు ఈ ఊరు కావాలి. నాకు తెలియదనుకున్నావా?” గబగబా సంతకం గీకి, కలం బల్లమీద పడేసి, ఆర్నెల్ల తరవాత మొదటిసారిగా ఆమె వంక చూసి నవ్వాడు. “ఇక్కడే ఉందాం, గ్లెనిస్. నోటరీ మాట ఇక ఎత్తను.”

ఈ మాట కోసం ఆమె ఆర్నెల్లు ఎదురుచూసింది. ఇప్పుడు వింటూ కాగితం మీది సంతకం వంకే చూస్తోంది.

మిరేయ్ అప్పటికే ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కింది. “లూసియెన్, సంతకం అయిపోయింది. ఎక్కించెయ్.”

అవతల ట్రాక్టరు ఇంజను ఆగిన చప్పుడు. తరవాత లూసియెన్ గొంతు, నీళ్ళు నములుతూ.

“ఎలా ఎక్కించమంటారు, మేయరుగారూ? మీ అమ్మగారు వచ్చి మొక్కల మధ్యన నేలమీద కూచున్నారు. లేవమంటే లేవడం లేదు.”

గ్లెనిస్ చప్పున వెనక్కి తిరిగింది. తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

“మా అమ్మా?” అంది మిరేయ్. “అక్కడేం చేస్తోంది?”

“మాట్లాడుతున్నారండీ.”

“ఎవరితో?”

ఫోనులోంచి దూరంగా ఒక ముసలి గొంతు వినబడింది, ఎవరినో బుజ్జగిస్తున్నట్టు.

“అదే నాకూ అర్థం కావడం లేదండీ,” అన్నాడు లూసియెన్. “ఒక్కో డబ్బా దగ్గరికి తీసుకుని, గాస్టన్, గాస్టన్ అంటున్నారు.”

మిరేయ్ ఫోను వైపు చూసింది. బల్లమీద కాగితం వైపు చూసింది. తరవాత గ్లెనిస్ వైపు తిరిగింది. ఆమె మొహంలో మేయరు లేదు, ఓడెట్ కూతురు మాత్రమే ఉంది.

“మదామ్,” అంది, “ఆ మట్టిలో ఏముంది?”